ప్రశ్నను నిలబెట్టినవాడి జవాబే నిలిచింది

మాఘం నుంచి చైత్రం దాకా మా ఆర్మూర్ చుట్టుపక్కల ఏ కల్లం చూసినా పసుపే. తవ్వి తెచ్చిన పసుపును ఉడకబెట్టి, కొమ్మును మండను వేరు చేసి ఆరబోస్తే ఎండడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అన్నాళ్లూ రాత్రి కావలి ఉండాల్సిందే. అంకాపూర్‌లోనైనా పెర్కిట్‌లోనైనా ఆ కావలి మంచాల మీద ధర సంగతి, వాన సంగతి అయిపోయాక మాట దేవుడి మీదికి మళ్లుతుంది. నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆదివారాలు చర్చిలో బైబిలు క్లాసు తీసుకుంటానని అందరికీ తెలుసు కాబట్టి ప్రశ్నలు నా దగ్గరికే వచ్చేవి. "సారూ, యేసుకు ఒక పుస్తకంల ఒక తాత, ఇంకో పుస్తకంల ఇంకో తాతనా?" "చచ్చి లేచినోన్ని ఆ ఆడోళ్లు గాక మొదలు ఎవలు చూసిండ్రు?" "నాలుగు సువార్తలెందుకు, ఒక్కటి సాలదా?"

అడిగేవాళ్లలో వెక్కిరించేవాళ్లు తక్కువ, నిజంగా తెలుసుకోవాలనుకునేవాళ్లు ఎక్కువ. నిలదీసి అడగడం మా ప్రాంతానికి కొత్త కాదు. పసుపు బోర్డు ఏదని అడగడానికి 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానంలో 178 మంది రైతులు పోటీకి నిలబడ్డారు. బరిలో ఉన్న 185 మందిలో వాళ్లు పోను మిగిలింది ఏడుగురే. ఆ బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది.

ఈ మధ్య మా సంఘంలోని పడుచుపిల్లలు ఇలాంటి ప్రశ్న సెల్‌ఫోన్‌లో కనబడగానే మండిపడుతున్నారు. అడిగినవాణ్ని తిట్టి, వాడి మాటను చెరిపేస్తే విశ్వాసాన్ని కాపాడినట్టే అనుకుంటున్నారు. ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. చిన్నప్పటి నుంచి వాక్యం వింటూ, పెద్దయ్యాక తొలి శతాబ్దాల క్రైస్తవుల వాదనలు చదువుతూ, కల్లాల దగ్గర జవాబులు చెబుతూ నేర్చుకున్న పాఠాలివి.

1. ప్రశ్న పాతదని ముందు తెలుసుకోండి.

సువార్తల మీద గట్టిగా విరుచుకుపడిన తొలి గ్రీకు పండితుడు సెల్సస్. క్రీ.శ. 177-180 ప్రాంతంలో "సత్యవాక్కు" అనే పుస్తకం రాశాడు. తరవాత నూరేళ్లకు తూరు పట్టణంలో పుట్టిన పోర్ఫిరీ "క్రైస్తవులకు వ్యతిరేకంగా" అని 15 భాగాలు రాశాడు. ఆ తరవాత జూలియన్ చక్రవర్తి. క్రైస్తవుల మధ్య పెరిగి, ఆ విశ్వాసం వదిలేసి, 362-363 చలికాలంలో అంతియొకయలో కూర్చుని "గలిలయుల మీద" అన్న పుస్తకం రాశాడు. మా కల్లం దగ్గర అడిగిన మూడు ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఈ ముగ్గురి కాలం తరవాత పుట్టింది కాదు. అడిగినవాళ్లు చదువుకున్నవాళ్లు, సువార్తలను వరసగా చదివి తప్పులు ఏరినవాళ్లు. మనలో ఎంతమందిమి అంత శ్రద్ధగా చదివాం?

2. ఎదుటివాడి మాటను వాడి నోటనే వినిపించి, ఆ తరవాత జవాబు చెప్పండి.

ఇది నేర్పినవాడు ఓరిగెన్. 185 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో పుట్టాడు. ఆయన చిన్నవాడిగా ఉండగానే తండ్రి విశ్వాసం కోసం తల పోగొట్టుకున్నాడు. ఓరిగెన్ తరవాత పాలస్తీనా తీరంలోని కైసరయలో స్థిరపడ్డాడు. అక్కడ ఉన్నప్పుడు, 248 ప్రాంతంలో, అంబ్రోస్ అనే మిత్రుడు సెల్సస్ పుస్తకం పంపి దీనికి జవాబు రాయమన్నాడు. ఓరిగెన్‌కు మొదట ఇష్టం లేదు. అబద్ధ సాక్ష్యాల ఎదుట యేసు మౌనంగా ఉన్నాడు, ఆయన బతుకే ఆయనకు జవాబు, మనం రాసేది దాన్ని పలచన చేస్తుందేమో అని పీఠికలోనే అంటాడు. అయినా మిత్రుడి మాట కాదనలేక ఎనిమిది భాగాలు రాశాడు.

ఆయన రాసిన తీరు చూడండి. మొదట ముఖ్యమైన విషయాలు మాత్రం ఏరుకుని జవాబు చెబుదామనుకున్నాడు. కాస్త దూరం పోయాక ఆ పద్ధతి మార్చుకున్నాడు. సెల్సస్ మాట ఒక ముక్క ఎత్తి రాయడం, దానికింద జవాబు రాయడం, మళ్లీ తరవాతి ముక్క. సెల్సస్ చనిపోయి చాలాకాలమైంది. ఆయన ఎవరో ఓరిగెన్‌కే సరిగా తెలియదు. చచ్చినవాడి మాటను కుదించినా వక్రించినా అడిగేవాడు లేడు. అయినా సెల్సస్ ఏమన్నాడో దాదాపుగా ఆయన మాటల్లోనే ఎత్తి పెట్టాడు. మరియకు బిడ్డ పుట్టింది పంథేరా అనే సైనికుడి వల్లనన్న నీచమైన మాటను కూడా తీసెయ్యలేదు. విశ్వాసికి ఆ వాక్యం రాస్తుంటే చెయ్యి వణకాలి. ఆయన రాశాడు, రాసి జవాబు చెప్పాడు.

సెల్సస్ సొంత పుస్తకం ఈనాడు ఎక్కడా లేదు. లోకానికి ఆ పుస్తకం తెలిసింది దాన్ని ఖండించిన ఓరిగెన్ వల్లనే. సెల్సస్‌ను ఇష్టపడే చరిత్రకారులు కూడా ఓరిగెన్ పుస్తకాన్నే తెరుస్తారు.

3. పుస్తకం కాలిస్తే నష్టపోయేది మనమే.

పోర్ఫిరీ విషయంలో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. ఆయన తత్వవేత్త ప్లొటినస్ శిష్యుడు, గురువు రాతలను కూర్చి లోకానికి ఇచ్చినవాడు. పడుచువయసులో ఓరిగెన్‌ను కలిశాడు కూడా. సెల్సస్ కన్నా లోతుగా చదివాడు, కాబట్టి చర్చికి ఆయనంటే ఎక్కువ భయం. రాజ్యం క్రైస్తవుల చేతికి వచ్చాక కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఆ పుస్తకాన్ని నిషేధించాడు. 448లో రెండో థియోడోసియస్ చక్రవర్తి మళ్లీ కాల్చమని ఆజ్ఞ ఇచ్చాడు. 15 భాగాల్లో ఇవాళ మిగిలినవి ఇతరులు అక్కడక్కడ ఎత్తి రాసుకున్న తునకలే.

అంతటితో ఆగితే మనవాళ్లు గెలిచారనుకోవచ్చు. పోర్ఫిరీకి జవాబుగా క్రైస్తవ పండితుల్లో మెథోడియస్ రాశాడు, యూసేబియస్ 25 భాగాలు రాశాడు, అపొల్లినారిస్ 30 భాగాలు రాశాడు. ఆ మూడూ పోయాయి. ప్రశ్న లేనప్పుడు జవాబును నకలు రాసుకునేవాడు ఎవడు? అన్నేళ్ల కష్టం, అంత పాండిత్యం, ఒక్క తరగతి పిల్లలకు చెప్పుకోవడానికి కూడా మిగల్లేదు. ఎదుటివాడి మాటను అచ్చంగా ఎత్తి రాసిన ఓరిగెన్ ఎనిమిది భాగాలు మాత్రం చెక్కు చెదరకుండా ఉన్నాయి.

నా బైబిలు క్లాసులో ఏ ఒక్క పాఠం మిగలాలన్నా ఇదే మిగలాలని కోరుకుంటాను. రాజు చేతిలో నిప్పు పెట్టి గెలిచిన వాదం విశ్వాసానికి చేసిన మేలేమీ లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. దానియేలు గ్రంథం బబులోను చెర కాలంలో రాసింది కాదు, అంతియొకస్ ఎపిఫనేస్ యూదులను హింసించిన క్రీ.పూ. రెండో శతాబ్దంలో రాసింది అని పోర్ఫిరీ అన్నాడు. బైబిలు పండితుడు జెరోమ్ 407లో దానియేలు వ్యాఖ్యానం రాస్తూ ఆ వాదాన్ని ఎత్తి చూపి ఖండించాడు. ఇవాళ బైబిలు పండితుల్లో ఎక్కువమంది, వాళ్లలో భక్తిపరులైన క్రైస్తవులు కూడా, కాలం విషయంలో పోర్ఫిరీ వైపే ఉన్నారు. జెరోమ్ కోపంగానైనా ఆ వాదాన్ని ఎత్తి రాశాడు కాబట్టే మనకు దక్కింది. విరోధి చెప్పినా సరైనది సరైనదే. ఆ మాట విని మా సంఘంలో కొందరు నొచ్చుకున్నారు. నేను మాత్రం దాచలేదు.

4. తేడా కనబడితే ఉందని ఒప్పుకోండి.

యోహాను సువార్తలో యేసు దేవాలయంలోని వ్యాపారులను వెళ్లగొట్టింది మొదట్లో, మిగతా మూడింటిలో చివరి వారంలో. యోహాను వ్యాఖ్యానంలో ఓరిగెన్ దీన్ని ఎదురుగా పెట్టుకుని, చరిత్రగా మాత్రమే చూస్తే ఈ నాలుగూ పొసగవు అని సూటిగా రాశాడు. సువార్తికులు ఆత్మసంబంధమైన సత్యాన్ని చెప్పడానికి జరిగిన సంగతిని అక్కడక్కడ అటూ ఇటూ జరిపారని ఆయన అభిప్రాయం. ఇది 1,800 ఏళ్ల కిందటి చర్చి పెద్ద మాట. ఇప్పుడు మా వేదిక మీద ఎవరైనా అంటే రాళ్లు పడతాయి.

మరో చర్చి పెద్ద అగస్టీన్ 400 ప్రాంతంలో నాలుగు సువార్తల పొందిక మీదే ఒక పుస్తకం రాశాడు. ఆయన ఓరిగెన్ అంత దూరం పోలేదు. శతాధిపతి తానే వచ్చాడని మత్తయి, యూదుల పెద్దలను పంపాడని లూకా రాస్తే, మనుషుల్ని పంపడమూ రావడమే కదా అంటాడు. ఒక్కోసారి ఆయన సర్దుబాటు నాకు మరీ సాగదీసినట్టు అనిపిస్తుంది. కానీ ఒక చోట ఆయనకు చేతులెత్తి మొక్కాలి. ముప్పది వెండి నాణెముల ప్రవచనాన్ని మత్తయి యిర్మీయా పేరున చెప్పాడు. వెతికితే అది జెకర్యాలో ఉంది. కొన్ని ప్రతుల్లో యిర్మీయా పేరే లేదు, ఆ ప్రతులను పట్టుకుంటే చిక్కు అక్కడికక్కడే వీడిపోతుంది. అగస్టీన్ ఆ దారి వద్దన్నాడు. ఎక్కువ ప్రతుల్లోను, పాత గ్రీకు ప్రతుల్లోను ఆ పేరు ఉంది. చిక్కు చూసి ఎవరో తీసేసి ఉంటారు గాని లేని చిక్కును ఎవరూ తెచ్చిపెట్టరు అన్నాడు. తనకు అనుకూలమైన సాక్ష్యాన్ని తానే తోసేశాడు. ఆ తరవాత ఆయన ఇచ్చిన వివరణ నచ్చినా నచ్చకపోయినా, ఆ మనిషి నిజాయితీని శంకించలేం.

5. నాలుగింటిని ఒకటి చెయ్యకండి.

ఆ పని తాటియన్ అనే క్రైస్తవ రచయిత 170 ప్రాంతంలోనే చేశాడు. నాలుగింటినీ కలిపి ఒకే కథగా అల్లాడు. సిరియా సంఘాల్లో తరతరాలు అదే చదివారు. ఐదో శతాబ్దంలో థియోడొరెట్ అనే బిషప్ తన ప్రాంతంలో 200కు పైగా ఆ ప్రతులు ఏరి, వాటి స్థానంలో నాలుగు సువార్తలూ పెట్టాడు. ఆ ప్రతులను తీసేసిన తీరు నాకు నచ్చదు. కానీ విమర్శకులు తేడాలు ఎత్తి చూపుతున్న రోజుల్లో, తేడాలు లేని పుస్తకం చేతిలో ఉండి కూడా, చర్చి నాలుగింటినే ఎంచుకుంది. "ఒక్కటి సాలదా" అన్న కల్లం ప్రశ్నకు నేను చెప్పే జవాబు ఇదే.

6. ఇంటి సంగతి ఆ ఇంటివాళ్లను అడగండి.

యోసేపు తండ్రి మత్తయిలో యాకోబు, లూకాలో హేలీ. మనవాళ్లు చాలామంది ఒకటి మరియ వంశావళి అని గబుక్కున చెప్పేస్తారు. మూడో శతాబ్దంలో జూలియస్ ఆఫ్రికానస్ అనే క్రైస్తవ రచయిత అలా చెప్పలేదు. యేసు బంధువుల సంతతివాళ్లు చెప్పుకునే మాటగా అందినదాన్ని రాశాడు. యాకోబు, హేలీ ఒకే తల్లికి వేరు వేరు భర్తల వల్ల పుట్టిన అన్నదమ్ములు. హేలీ సంతానం లేకుండా చనిపోతే మోషే ధర్మం ప్రకారం యాకోబు అతని భార్యను పెళ్లాడి యోసేపును కన్నాడు. రక్తం వల్ల యాకోబు కొడుకు, ధర్మం వల్ల హేలీ కొడుకు.

దీన్ని కల్లం దగ్గర చెబితే ఎవరికీ వింతగా తోచలేదు. మా దగ్గర దత్తత పోయిన కొడుకు పట్టా పాసుపుస్తకంలో ఒక తండ్రి పేరు, ఊరివాళ్ల నోట ఇంకో తండ్రి పేరు ఉండడం మామూలే. ఆఫ్రికానస్ గొప్పతనం ఆ తరవాతి మాటలో ఉంది. దీనికి వేరే సాక్ష్యం లేదు, అయినా ఇంతకన్నా మెరుగైన వివరణ నాకు దొరకలేదు అని ఒప్పుకున్నాడు. ఆయన ఉత్తరాన్ని యూసేబియస్ తన చర్చి చరిత్రలో చేర్చాడు. మీరు ఈ వివరణ చెప్పేటప్పుడు ఆ ఒప్పుకోలును కూడా కలిపి చెప్పండి.

7. చోటు చూడండి, ప్రతులు చూడండి.

దయ్యాలు దూరిన పందులు గలిలయ సరస్సులో పడి చచ్చాయన్న ఊరు కొన్ని ప్రతుల్లో గెరాస, కొన్నింటిలో గదర. గెరాస సరస్సుకు 50 కిలోమీటర్లకు పైగా దూరం. ఓరిగెన్ ఆ దేశంలో తిరిగినవాడు కాబట్టి ఈ రెండూ కుదరవని, సరస్సు ఒడ్డున కొండచరియ ఉన్న గెర్గెస సరైనదని రాశాడు. సరస్సు తూర్పు ఒడ్డున కుర్సీ దగ్గర 1970లో పాత క్రైస్తవ మఠం ఒకటి బయటపడింది. పూర్వపు యాత్రికులు ఆ సంఘటనను తలుచుకోవడానికి ఆ చోటికే పోయేవారని అర్థమవుతుంది. అలాగే యూసేబియస్ మార్కు సువార్త చివరి భాగం గురించి, నమ్మదగిన ప్రతులు స్త్రీలు భయపడిన చోటనే ఆగిపోతాయని దాపరికం లేకుండా చెప్పాడు.

8. రుజువు కానిదాన్ని రుజువైందని అనకండి.

బాప్తిస్మమప్పుడు పావురం దిగింది నువ్వు తప్ప ఎవరు చూశారు అని సెల్సస్ తన పుస్తకంలో మాట్లాడించిన ఒక యూదుడు యేసును అడుగుతాడు. ఓరిగెన్ అక్కడ గొంతు పెంచలేదు. జరిగిన సంగతి నిజమే అయినా, జరిగిందని తిరుగులేకుండా నిరూపించడం చాలా కష్టం, ట్రాయ్ యుద్ధమే జరిగిందని ఎవరు నిరూపించగలరు అన్నాడు. చదివేవాడు దేన్ని నమ్మాలో, దేన్ని గూఢార్థంగా తీసుకోవాలో, దేన్ని తోసెయ్యాలో తూచి చదవాలి, సువార్తలను కూడా అలాగే చదవమని కోరాడు. ఇంత నిబ్బరం ఉన్న జవాబు నాకు ఇంకెక్కడా కనబడలేదు.

పునరుత్థానాన్ని చూసింది మతి చలించిన ఆడదని సెల్సస్ ఈసడించాడు. పట్టపగలు, మతి సరిగ్గా ఉన్నవాళ్లకు అలాంటి భ్రమలు కలగవు, చూసింది ఒక్కరూ కాదు అని ఓరిగెన్ జవాబు. నేను ఒక మాట కలుపుతాను. ఆ కాలంలో ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ తక్కువని తెలిసీ నలుగురు సువార్తికులూ ఆ స్త్రీలను తీసెయ్యలేదు.

9. కులం ఎత్తి మాట్లాడితే తల దించుకోకండి.

ఈ పాఠం రాస్తుంటే నా గుండె బరువెక్కుతుంది. సెల్సస్ క్రైస్తవులను ఉన్ని వడికేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు అన్నాడు. పెద్దల ముందు నోరు విప్పలేరు, పిల్లల్నీ ఆడవాళ్లనూ చాటుకు పిలిచి బోధిస్తారు అన్నాడు. తెలంగాణలో మా సంఘాలు ఎవరి చేతుల మీద లేచాయో అందరికీ తెలుసు. మాలవాడల్లో, మాదిగవాడల్లో తోలు పని చేసినవాళ్లు, కూలికి పసుపు తవ్వినవాళ్లు. సెల్సస్ మాట మా తాతలు ఊరి మధ్యలో విన్న మాటే.

ఓరిగెన్ మావాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారని చెప్పి ఊరుకోలేదు. సువార్త జ్ఞానినీ పిలుస్తుంది, చదువు లేనివాణ్నీ పిలుస్తుంది, ఇద్దరూ బాగుపడడానికే అన్నాడు. శిష్యులు సుంకరులు, పడవలవాళ్లు అన్నదానికి, అపొస్తలుల్లో సుంకరి మత్తయి ఒక్కడే, వాక్చాతుర్యం లేనివాళ్ల మాటకు లోకం కదిలిందంటే ఆ బలం దేవుడిదే అన్నాడు. అంటరానితనం అనుభవించిన కవి గుర్రం జాషువా "క్రీస్తు చరిత్ర"కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని చదివినప్పుడల్లా నాకు సెల్సస్ గుర్తొస్తాడు.

10. మనవాడు తప్పు వాదన చేస్తే మనమే ఆపాలి.

అంతియొకయలో పౌలు పేతురును అందరి ముందు గద్దించాడు. మీ పెద్దలే కొట్టుకున్నారని పోర్ఫిరీ ఎత్తిపొడిచాడు. అది నిజమైన తగాదా కాదు, మేలు కోసం ఇద్దరూ నటించారు అని జెరోమ్ సర్దాడు. వయసులో చిన్నవాడైన అగస్టీన్ ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. లేఖనంలో మంచి కోసం చెప్పిన అబద్ధం ఒక్కటి ఉందని ఒప్పుకుంటే ఇక ఏ మాటను నమ్మాలి, పేతురు తప్పు చేశాడు, దిద్దుకున్నాడు, అంతే అన్నాడు. జెరోమ్‌కు కోపం వచ్చింది. అగస్టీన్ మర్యాద తప్పలేదు, వెనక్కీ తగ్గలేదు. ఇక్కడ నేను పూర్తిగా అగస్టీన్ పక్షం.

11. చేతులతో చెప్పే జవాబు ఒకటుంది.

జూలియన్ పుస్తకానికి అలెగ్జాండ్రియా బిషప్ సిరిల్ పెద్ద ఖండన రాశాడు. మొదటి పది భాగాలు మనకు దొరుకుతున్నాయి. పాండిత్యం ఉంది, పరుషమూ ఉంది. కానీ జూలియన్ నోరు అంతకు ముందే మూయించినవాళ్లు వేరే ఉన్నారు. గలతియలోని పూజారి అర్సాకియస్‌కు జూలియన్ పేరున ఉన్న ఉత్తరం ఒకటి మిగిలింది. ఈ గలిలయులు తమ పేదలకే కాక మన పేదలకు కూడా అన్నం పెడుతున్నారు, మనవాళ్లు మాత్రం మన దగ్గర సాయం లేక అల్లాడుతున్నారు, ఇది మనకు సిగ్గు అని అందులో ఉంది.

ఆర్మూర్ నుంచి హైదరాబాద్ దారిలో పోతే డిచ్‌పల్లి వస్తుంది. అక్కడ 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ కుష్ఠురోగుల కోసం విక్టోరియా ఆసుపత్రి మొదలుపెట్టింది. ఊరు వెళ్లగొట్టినవాళ్ల పుండ్లు కడిగారు అక్కడ. వచ్చినవాళ్లలో అన్ని కులాలవాళ్లు, అన్ని మతాలవాళ్లు ఉన్నారు. సువార్తల్లోని తేడాల గురించి నన్ను ఎంత గట్టిగా నిలదీసినవాళ్లూ డిచ్‌పల్లి పేరు ఎత్తితే గౌరవంగానే మాట్లాడారు.

ఈ ఏడు పసుపు ఆరేటప్పుడు కల్లం దగ్గర ఎవరైనా మిమ్మల్ని సువార్తల గురించి అడిగితే, వాళ్ల ప్రశ్నను వాళ్ల మాటల్లోనే ఒక నోటుబుక్కులో రాసుకోండి. రాసింది వాళ్లకు చదివి వినిపించి, నువ్వు అడిగింది ఇదేనా అన్నా అని అడగండి. అవునన్నాకే జవాబు మొదలుపెట్టండి. తెలియకపోతే చదివి వస్తానని చెప్పి, నిజంగానే చదివి రండి.